తన పన్ను తానే కట్టుకున్నందుకు

పోయిన వారం మనం వియెనో లాహ్తిని డ్రెక్స్లర్ బ్యాంకు మేడమెట్ల మీద వదిలిపెట్టాం. చేతిసంచిలో ఒక కాగితం నకలు. పైన యజమాని గది. కింద, పందొమ్మిదేళ్లుగా తనతో కలిసి పనిచేస్తున్నవాళ్ల చూపులు. ఆమె అక్కడిదాకా ఎందుకు రావలసి వచ్చిందో గుర్తుందిగా? లేకపోయినా ఫరవాలేదు, నాలుగు మాటల్లో చెప్పుకుందాం.

ఆగేట్ కోవ్‌లో అప్పు మీద ఇల్లు కొన్నవాళ్లు చాలామంది ఇంటిపన్ను డబ్బును నెలవాయిదాతో కలిపి బ్యాంకు చేతికే ఇచ్చేస్తారు. వాళ్ల తరఫున బ్యాంకు కడుతుంది. కొందరికి మాత్రం అలా నచ్చదు. ముఖ్యంగా రాగి గనిలో చేసిన పాతవాళ్లు తమ పన్ను తామే పట్టుకెళ్లి, టౌన్‌షిప్ హాలులో కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకుంటేగాని నిద్రపోరు. అలాంటివాళ్ల దగ్గర డ్రెక్స్లర్ బ్యాంకు ‘పన్ను పరిశీలన రుసుము’ అని ఏటా తొంభై డాలర్లు తీసుకుంటోంది. మూడేళ్ల కిందట వాళ్లలో ఎడ్డీ రౌతియో అది కట్టనన్నాడు. బ్యాంకు ఊరుకోలేదు. అతను పంపిన నెలవాయిదాలోంచే ఆ తొంభై లాగేసుకుంది. దాంతో వాయిదా తక్కువ పడింది. తక్కువ పడినందుకు జరిమానా, ఆ జరిమానా కట్టనందుకు మరో జరిమానా. ఒక్క నెల కూడా వాయిదా తప్పని మనిషి కాగితాల మీద ఎగవేతదారుడై కూర్చున్నాడు. ఇల్లు వేలానికి వచ్చింది. ఆపమని అతను పెట్టుకున్న మొర శుక్రవారం కోర్టులో వింటారు.

ఈలోగా, నేలమాళిగలో పాత ఫైళ్లు సర్దుతున్న వియెనోకి ఒక సర్క్యులర్ దొరికింది. రాష్ట్ర బ్యాంకుల పర్యవేక్షణ శాఖ పదిహేనేళ్ల కిందట పంపినది. అది చదివిన దగ్గర్నుంచి ఆమెకు అన్నం సయించలేదు. మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా నకలు సంచిలో పెట్టుకుని తిరిగింది. నాలుగో రోజున హార్లన్ డ్రెక్స్లర్ కబురు పెట్టాడు. ఆమె మెట్లెక్కింది.

తలుపు తీసే ఉంది.

హార్లన్‌కి అరవై రెండేళ్లు. బ్యాంకు యజమాని అయినా కోటూ టైలతో ఎవరూ చూసి ఎరగరు. గనివాళ్లలాగే గళ్ల ఉన్ని చొక్కా, మడమలు అరిగిన బూట్లు. గని మూతపడ్డ ఏడు రెండేళ్లపాటు ఎవరి ఇల్లూ వేలానికి పెట్టకుండా ఆగినవాడు. ఆ సంగతి ఊరు ఇంకా మర్చిపోలేదు. వియెనో కూడా మర్చిపోలేదు. ఆ ఏడు వాళ్ల నాన్న ఇల్లూ నిలబడింది అలాగే. ఇప్పుడు ఆమె ఒంటరిగా ఉంటున్నది ఆ ఇంట్లోనే.

అతను తనే లేచి కాఫీ పోశాడు. యాలకుల రొట్టె రెండు ముక్కలు కోసి పళ్లెంలో పెట్టి ఆమె ముందుకు జరిపాడు. ఇంటికప్పు మీద మంచు తోడించావా, బరువుకి దూలం వంగితే కష్టం అని అడిగాడు. తోడించానంది. ఈ ఏడు సరస్సు ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా గడ్డకట్టిందట అన్నాడు. అవునంది. కాఫీ ముట్టుకోలేదు.

రాత్రంతా మాటలు కూడగట్టుకుని వచ్చిందామె. ఎలా మొదలుపెట్టాలో, ఏ మాట తరవాత ఏ మాటో అన్నీ అనుకుంది. తీరా కూర్చున్నాక ఒక్కటీ గుర్తు రాలేదు. సంచి తెరిచి, కాగితం తీసి, బల్ల మీద అతని వైపు తిప్పి పెట్టింది.

హార్లన్ దాన్ని చేత్తో తాకనైనా లేదు.

“నువ్వు ఏ ఫైలు తీశావో నేలమాళిగ రిజిస్టరులో చూశాను. ఈ కాగితం చదివాను” అన్నాడు. “నువ్వు చదవకముందే చదివాను.”

“ఎప్పుడు?”

“వచ్చిన రోజునే. అప్పటికి నాన్న ఉన్నాడు. ఇద్దరం ఈ గదిలోనే కూర్చుని చదివాం.”

ఈ నాలుగు రోజులూ వియెనో ఒకే ఒక్క ఆశ పట్టుకుని ఉంది. ఇది ఎవరో చూసుకోక జరిగిన పొరపాటు, చూపిస్తే హార్లన్ తల కొట్టుకుని ‘సరిచేద్దాం’ అంటాడని. తెలిసే చేశారన్నమాట. ఆ ఆశ కాస్తా పోయాక తను ఆ గదికి ఎందుకు వచ్చినట్టు?

అయినా అడిగింది. కాగితంలో ఉన్నది చదవడమే తేలికనిపించి, తల వంచుకుని చదివింది. “అప్పు ఇచ్చే రోజున, ఒక్కసారి, పాతిక డాలర్లకు మించకుండా తీసుకోవచ్చు. ఆ తరవాత ఇంటి యజమాని తన పన్ను తనే కట్టుకుంటే, అందుకుగాను బ్యాంకు ఏ పేరుతోనూ ఏ రుసుమూ తీసుకోకూడదు. ఏ పేరుతోనూ అని రాశారు హార్లన్ గారూ. మనం తొంభై తీసుకుంటున్నాం. ఏటా.”

అతను కోపం తెచ్చుకోలేదు. చిన్నపిల్లకి లెక్క చెప్పే మేష్టారిలా నెమ్మదిగా మొదలుపెట్టాడు. ఇంటి మీద పన్ను బకాయి పడితే ఇల్లు ముందు ప్రభుత్వానిది. బ్యాంకు అప్పు ఆ వెనకాల. ఒక మనిషి పన్ను కట్టకుండా మూడేళ్లు ఊరుకున్నాడంటే బ్యాంకు ఇచ్చిన అప్పంతా మంచులో పోసిన నీళ్లే. అందుకే ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో ప్రతి ఏడూ చూసుకోవాలి. చూసుకోవడానికి మనిషి కావాలి. మనిషికి జీతం కావాలి.

“ఆ మనిషిని నేనే కదండీ” అంది వియెనో. “మార్చిలో టౌన్‌షిప్ హాలునుంచి కోశాధికారిణి ఇంపీ గారు జాబితా పంపుతారు. నేను పేర్ల పక్కన టిక్కులు పెడతాను. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది.”

హార్లన్ నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చి నవ్వాడు. ఆ నవ్వులో ఆమె మీద ఇష్టం కూడా ఉంది. అదే ఆమెకు కష్టంగా తోచింది. చెడ్డవాడైతే ఎదుర్కోవడం ఎంత సులువు.

తరవాత అతను కిటికీ దగ్గరికి వెళ్లాడు. కింద వీధిలో మంచు తోసే బండి వెళ్తోంది. వీపు ఆమె వైపు పెట్టి చెప్పుకొచ్చాడు. అరవై మూడు ఇళ్ల దగ్గర ఇన్నేళ్లూ తీసుకున్నది వడ్డీతో సహా తిరిగి ఇవ్వమన్నారనుకో, దాని మీద జరిమానా కూడా వేశారనుకో, ఈ బ్యాంకు ఉండదు. ఉండదంటే మూతపడదు, పెద్ద ఊరి బ్యాంకొకటి వచ్చి కొనేస్తుంది. ఆ బ్యాంకులో ఎవరు ఎవరికి తెలుసు? రేపు చేపలు పడని ఏడు వస్తుంది, కలపమిల్లు మూతపడే ఏడు వస్తుంది. అప్పుడు రెండేళ్లు ఆగేదెవరు?

“ఏడాదికి తొంభై డాలర్లు” అన్నాడు. “నెలకు ఏడున్నర. ఆ ఏడున్నరతో ఈ ఊరికి ఒక బ్యాంకు మిగిలింది. అది తప్పంటావా?”

నిజం చెప్పాలంటే, ఆ మాటలో నిజమెంతో వియెనోకీ తెలియలేదు. కాని ఎడ్డీ మొహం కళ్ల ముందుకొచ్చింది.

“మరి రౌతియోవాళ్ల విషయంలో ఎందుకు ఆగలేదండీ?” అంది. “అతను చెయ్యని బాకీకి అతని ఇల్లు అమ్ముతున్నారు. గని మూతపడ్డ ఏడు ఆగినవాళ్లు, ఇప్పుడు రెండు వందల డెబ్భై డాలర్ల కోసం ఆగలేరా?”

“అతను ఊళ్లో నోరు పారేసుకున్నాడు” అన్నాడు హార్లన్. ఆ ఒక్క మాటలో అతని గొంతు మారింది. “ఒకడు కట్టనంటే అరవై రెండు మంది చూస్తూ ఉంటారు.”

వెనక్కి వచ్చి కూర్చుని, బల్ల సొరుగులోంచి ఒక లావుపాటి అట్టఫైలు తీశాడు. ముడి విప్పి ఆమె ముందు తెరిచిపెట్టాడు. అన్నీ ఉత్తరాల నకళ్లు. ఆమెకు కళ్లు మూసుకున్నా తెలిసిన ఉత్తరాలే. ‘మీ పన్ను మీరే కట్టుకోదలిచారు కనుక, మన రాష్ట్ర చట్టం అనుమతించిన మేరకు…’ అని మొదలవుతాయి. అడుగున సంతకం. వియెనో లాహ్తి, రుణ విభాగం. ఒక కాగితం తిప్పింది. వియెనో లాహ్తి. ఇంకొకటి. ఇంకొకటి.

“నా పేరు ఎక్కడైనా ఉందేమో చూడు” అన్నాడు హార్లన్. “మా నాన్న పేరుందేమో చూడు. పదకొండేళ్ల కిందట నువ్వు ఆ బల్ల దగ్గర కూర్చున్న ఏడే ఈ రుసుము మొదలైంది. అప్పట్నుంచి దీని గురించి బయటికి వెళ్లిన ప్రతి కాగితం మీదా ఉన్నది నువ్వే.”

“ఇవి పైనుంచి టైపు చేసి వచ్చేవి. మధ్యాహ్నం భోజనం అయ్యాక కట్టగా తెచ్చి పెట్టేవారు. చట్టం అనుమతించింది అని రాసి ఉంటే అనుమతించిందనే అనుకున్నాను.”

“సంతకం పెట్టినవాళ్లు చదివే పెట్టారనుకుంటుంది చట్టం.”

వియెనోకి తన చేతులు కనిపించాయి. ఆ చేత్తోనే. సంతకాల కట్ట ముందు పెట్టుకుని, పక్క బల్ల ఆవిడతో చేపలవేపుడు గురించి కబుర్లు చెబుతూ, ఆ చేత్తోనే.

హార్లన్ గొంతు మళ్లీ మెత్తబడింది. ఇంకో పదకొండు నెలలైతే ఆమెకు ఇరవై ఏళ్ల సర్వీసు నిండుతుంది. పూర్తి పింఛను. పందొమ్మిదేళ్ల ఒక నెల సర్వీసుకు పింఛను లేదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఆ కాగితం ఇక్కడ పెట్టేసి కిందికి వెళ్లి పని చూసుకుంటే ఎవరూ ఏమీ అడగరు. వచ్చే ఏడునుంచి రుసుము మెల్లగా తీసేద్దాం అని కూడా అన్నాడు. మెల్లగా, అల్లరి లేకుండా.

ఆమె కాగితం మీద చెయ్యి పెట్టింది. హార్లన్ తొందరపెట్టలేదు. రొట్టె ముక్క తుంచుకుని కాఫీలో ముంచుకున్నాడు.

“ఎడ్డీ తొమ్మిది సార్లు వచ్చాడు నా బల్ల దగ్గరికి” అంది చివరికి. “రసీదులన్నీ తారీఖుల వారీగా రబ్బరుబ్యాండు వేసుకుని తెచ్చేవాడు. ఇవిగో నేను కట్టాను, మీరు చూసేదేముంది, దేనికి ఈ డబ్బు అని అడిగేవాడు. చట్టం ఒప్పుకుంది ఎడ్డీ, నేనేం చెయ్యను అని పంపేదాన్ని. తొమ్మిది సార్లు పంపాను. పదోసారి నేనే వెళ్తాను.”

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. లేచి నిలబడింది.

అతను ఆపుతాడనుకుంది. బెదిరిస్తాడనుకుంది. హార్లన్ మూతి తుడుచుకుని, “వెళ్లు” అన్నాడు. “ఇంట్లోనే ఉంటాడు.”

ఆ నిబ్బరం చూసి ఆమెకు మొదటిసారి భయం వేసింది.

రౌతియోల ఇల్లు పాత గని దారిలో చివరిది. వియెనో చేరేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో మంచు రెండు పక్కలా నడుమెత్తు ఎగదోసి ఉంది. పెరట్లో ఆవిరిస్నానపు గదికి నిప్పు రాజేశారు కాబోలు, భోజపత్ర చెట్టు కట్టెల పొగ వాసన వీధిదాకా వస్తోంది. ఎడ్డీ, ఆమె ఒకే బడిలో చదువుకున్నారు. అతని భార్య హిల్కా బడి వంటగదిలో పనిచేస్తుంది. ఆ ఇంటికి ఎప్పుడు వెళ్లినా తలుపు బార్లా తెరుచుకునేది. ఈసారి హిల్కా ఒక చెయ్యి తలుపు మీదే ఉంచి, పక్కకు తప్పుకుంది.

ఎడ్డీ వంటింటి బల్ల దగ్గర చేపల వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తి చూసి మళ్లీ వల చూసుకున్నాడు. పొయ్యి మీద కాఫీ కుండ ఉంది. ఆ ఇంట్లోనే కాదు, ఆ ఊళ్లో ఏ ఇంట్లోనైనా గడప దాటిన మనిషికి కోటు విప్పకముందే కాఫీ అడుగుతారు. ఎవరూ అడగలేదు.

వియెనో నిలబడే చెప్పింది. ఏం దొరికిందో, ఎక్కడ దొరికిందో, హార్లన్ ఏమన్నాడో. కాగితం తీసి వల పక్కన పెట్టింది. ఇది పట్టుకుని శుక్రవారం కోర్టుకు వెళ్లు, నేను వచ్చి ఈ కాగితం ఎక్కడిదో సాక్ష్యం చెబుతాను అంది. అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఇన్నాళ్ల బరువు దిగిపోతుందనుకుంది.

ఎడ్డీ కాగితం వైపు చూడలేదు. అతని వేళ్లు వలకన్నుల్లోనే ఉన్నాయి.

హిల్కా అలమర పైనుంచి ఒక కవరు తెచ్చింది. “ఇదీ నువ్వు చూడాలి” అని చేతికిచ్చింది.

పొద్దున్న ఎనిమిదింటికే బ్యాంకు లాయరు వచ్చాడట. ఇంకా మాంసం కూరిన పాస్టీ రొట్టెలు పెనం మీదే ఉన్నాయట. జరిమానాలన్నీ కొట్టేస్తాం, వేలం ఆపేస్తాం, ఇల్లు మీ పేరనే ఉంటుంది అన్నాడట. దానికి బదులు రెండు పనులు. కోర్టులో వేసిన మొర వెనక్కి తీసుకుని, ఇక ఆ సంగతి బయట ఎత్తకూడదు. ఈ వాంగ్మూలం మీద సంతకం పెట్టాలి. శుక్రవారం జడ్జి వాల్ఫ్రిడ్ నైమన్ గారు ఒప్పందం చూసి ముద్ర వేస్తే వ్యవహారం ముగిసినట్టే.

వియెనో వాంగ్మూలం చదివింది. అరపేజీ కూడా లేదు. ఆ రుసుము కట్టమని తనను అడిగినది రుణ విభాగం ఉద్యోగిని వియెనో లాహ్తి అనీ, చట్టం అందుకు ఒప్పుకుంటుందని ఆమె తన సొంత మాటగా పలుమార్లు చెప్పిందనీ, బ్యాంకు యజమానులెవరూ ఆ విషయం తనతో ఎన్నడూ మాట్లాడలేదనీ రాసి ఉంది. అడుగున ఎడ్డీ సంతకం. పెద్ద పెద్ద అక్షరాలు, బడిపిల్లాడు రాసినట్టు.

హార్లన్ నిబ్బరం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. ఆమె మెట్లెక్కే వేళకే అతని పని పూర్తయిపోయింది. కాఫీ, రొట్టె, పింఛను మాట, అంతా ఆ కాగితం నకలు దక్కుతుందేమోనన్న చిన్న ఆశ. దక్కకపోయినా అతనికి పోయేదేమీ లేదు.

“అందులో అబద్ధమేమైనా ఉంటే చెప్పు” అన్నాడు ఎడ్డీ. ఇంకా తలెత్తలేదు. “హార్లన్ మొహం నేను ఒక్కసారి కూడా చూడలేదు. తొమ్మిది సార్లూ నీ మొహమే చూశాను.”

ఆమె వాంగ్మూలం మడిచి కవరులో పెట్టి, “అబద్ధం లేదు” అంది.

అప్పుడు చూశాడతను. ఆ మాట అంటుందని అనుకోలేదేమో. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నాకు యాభై ఒకటి వియెనో. గని లేదు. ఈ నడుముతో ఇంకెవడూ పని ఇవ్వడు. ఇల్లొక్కటే ఉంది.”

“మాకు నీ మీద కోపం కాదు” అంది హిల్కా. అని, మళ్లీ తనే, “కోపం లేదని కాదు. ఉంది. అయినా కోపంతో పెట్టిన సంతకం కాదు అది” అంది.

వియెనో తల ఊపింది. తను ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటే, పెరట్లో పొగ, పొయ్యి మీద పెనం, ఎదురుగా ఆ కాగితం ఉంటే, తనూ పెట్టేది. అందులో ఆమెకు సందేహం లేదు. తన కాగితం మడిచి తీసుకుంది. గుమ్మం దగ్గర చేతికి తొడుగులు వేసుకుంటూ, రేపు ఎక్కడుంటావని ఎడ్డీని అడిగింది.

“ఎక్కడుంటాను? ఫిబ్రవరి ఆఖరు రోజు కదా. పన్ను కట్టే వరసలో.”

ఇంటికి నడుస్తూ ఆ మాటే తిప్పి తిప్పి తలుచుకుంది. ఎడ్డీ ఇల్లు దక్కింది. మిగిలినవి అరవై రెండు. ఆ అరవై రెండు ఇళ్లవాళ్లు ఎవరెవరో ఆమెకు కంఠతా వచ్చు. ఒక్కొక్కరి తలుపూ తట్టక్కర్లేదు. తమ పన్ను తామే కట్టుకునేవాళ్లు ఏడాదికి ఒక్కరోజు ఒకేచోట దొరుకుతారు.

మర్నాడు తొమ్మిదిన్నరకే టౌన్‌షిప్ హాలు నిండింది. బూట్లనుంచి కరిగిన మంచు నేలంతా మడుగు కట్టింది. ఉన్ని కోట్ల తడివాసన. వరస గోడ వెంట తిరిగి తలుపుదాకా వెళ్లింది. చివరన మడతబల్ల వెనక కోశాధికారిణి ఇంపీ సాలో కూర్చుని ఉంది. డెబ్భై దాటిన మనిషి. ఇరవై ఆరేళ్లుగా ఆ ఊరి పన్ను ఆవిడ చేతుల మీదుగానే పోతోంది. నోటు తడిగా ఉంటే వెనక్కిచ్చి, తుడిచి ఇమ్మంటుంది. ఆవిడంటే జడ్జీలకూ భయమే అని ఊళ్లో నవ్వుకుంటారు.

వియెనో వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక తన ఇంటి పన్ను కట్టింది. రసీదు తీసుకుంది. పక్కకు తప్పుకోవడానికి బదులు వెనక్కి తిరిగింది.

“ఒక్క మాట చెప్పుకోవాలి” అంది.

మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వరసలో ఏడో ఎనిమిదో మనిషి ఎడ్డీ. అతను నేల చూపులు చూస్తున్నాడు.

“డ్రెక్స్లర్ బ్యాంకులో అప్పుండి, పన్ను మీరే కట్టుకుంటున్నారని ఏటా తొంభై డాలర్లు కడుతున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. చట్టం ఒప్పుకుందని మీకు ఉత్తరాలు రాసింది నేను. చట్టం ఒప్పుకోలేదు. ఏ పేరుతోనూ తీసుకోకూడదని ఉంది. ఇదిగో కాగితం. ఇన్నాళ్లూ నాకు తెలియదు. తెలుసుకోవలసింది, తెలుసుకోలేదు. అంతే.”

గోడ వారనున్న ఒక ముసలాయన, “నా దగ్గర కూడానా?” అన్నాడు.

“మీ దగ్గర కూడా. పదకొండేళ్లు.”

“ఇన్నేళ్లూ నోట్లో రొట్టెముక్క పెట్టుకున్నావా అమ్మాయ్?” అంది వెనకనుంచి ఒకావిడ. ఎవరూ నవ్వలేదు. గుసగుస మొదలై, పెరిగి, వరస చెదిరింది. ఒకతను బల్లకేసి వచ్చి ఆ కాగితం ఇలా ఇవ్వమన్నాడు. ఇంకొకతను ఎడ్డీ భుజం పట్టుకుని, నువ్వు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నావు కదరా అన్నాడు. ఎడ్డీ భుజం విడిపించుకున్నాడు. అతని మొహం పాలిపోయి ఉంది. వాళ్ల ముందు నోరు విప్పితే ఇల్లు పోతుంది. విప్పకపోతే వాళ్ల మొహాలు ఎలా చూస్తాడు?

“అందరూ గోడకు జరగండి” అంది ఇంపీ.

పెద్దగా అనలేదు. అయినా జరిగారు. ఆవిడ కలం మూత పెట్టి, డబ్బుపెట్టెకు తాళం వేసి, లేచింది. పన్ను కట్టే ఆఖరు రోజున ఆవిడ వరస ఆపడం ఎవరూ ఎరగరు. మూలనున్న ఇనుప బీరువా తెరిచి, అడుగు అరలోంచి తన సొంత ఇంటి కాగితాల కట్ట తీసింది. నాలుకతో వేలు తడి చేసుకుని ఒక్కొక్కటే తిప్పింది. ఒకదాని దగ్గర ఆగింది. దాన్ని తెచ్చి వియెనో చేతిలో పెట్టింది.

“తారీఖు చదువు. పైకి కాదు, మనసులో.”

వియెనో చదివింది. 1981 నవంబరు. అప్పటికి తను ఇంకా కింద నగదు కౌంటరు దగ్గరే ఉంది. రుణ విభాగం గడప తొక్కింది 1984లో. కాని ఉత్తరం అదే. ‘మీ పన్ను మీరే కట్టుకోదలిచారు కనుక, మన రాష్ట్ర చట్టం అనుమతించిన మేరకు…’ అక్షరం కూడా తేడా లేదు. నీతోనే మొదలైందన్నాడు హార్లన్. ఆమెకంటే మూడేళ్ల ముందే మొదలైంది. ఆమె పేరు కంటే ముందు ఇంకొకరి పేరు ఆ ఉత్తరాల అడుగున ఉంది.

చూపు కిందికి జారింది. సంతకం కొట్టొచ్చినట్టుంది. దాని కింద టైపులో: వాల్ఫ్రిడ్ నైమన్, బ్యాంకు న్యాయవాది.

ఆమె తలెత్తి ఇంపీ మొహంలోకి చూసింది. ఇంపీ కళ్లార్పలేదు.

“పద్నాలుగేళ్లుగా దాచాను” అంది ఆవిడ, గొంతు తగ్గించకుండా. “అప్పట్లో ఆయన జడ్జి కాదు, బ్యాంకులో కుర్ర లాయరు. చట్టం చదువుకున్నవాడు రాశాడు కదా అని కట్టాను. ఇప్పుడు చెప్పు. ఆ పేరు పైకి నువ్వు చదువుతావా, నన్ను చదవమంటావా?”

వియెనో నోరు తెరవబోయింది.

వీధి తలుపు తెరుచుకుని చలిగాలి రివ్వున లోపలికి కొట్టింది. పొడుగాటి నల్లకోటు మనిషి ఒకడు లోపలికి వచ్చి, గడప మీద బూట్లు టపటపలాడించి, టోపీ తీసి మంచు దులుపుకున్నాడు. చేతిలో పన్ను నోటీసు. చుట్టూ నిశ్శబ్దం గమనించినట్టు లేదు. వరసలో ఆఖరి మనిషి వెనక నిలబడుతూ మర్యాదగా పలకరించాడు.

“ఏమిటి, వరస కదలడం లేదా?”

ఆ ఆఖరి మనిషి పక్కకు జరిగి దారిచ్చాడు. “ముందుకు వెళ్లండి జడ్జి గారూ” అన్నాడు. “మీ పేరే చదవబోతున్నట్టున్నారు.”